ప్రైమరీ చైను కూత

మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చాక, నిద్ర పూర్తిగా పట్టేలోపల వచ్చే ఆ కాసేపు నాకు చాలా ఇష్టం. కళ్లు మూతలు పడి ఉంటాయి, చెవులు మాత్రం తెరుచుకునే ఉంటాయి. కోట ఊరి నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు మీద మా ఇల్లు. ముందు గది మా ఆయన మెకానిక్ షాపు, వెనక రెండు గదుల్లో మేముంటాం. అల చప్పుడు మా దాకా రాదు కానీ ఉప్పుగాలి వస్తుంది. ఆ మగతలో రోడ్డు మీద పోయే ప్రతి చప్పుడూ నా కలలోకి వచ్చి ఇంకేదో అయిపోతుంది. ఐసు లారీ వాన అవుతుంది, రొయ్యల మేత మోసే ఆటో చిన్నప్పుడెక్కిన రైలవుతుంది. మా అత్తగారు బతికున్న రోజుల్లో దీన్ని సోమరితనం అనేది. నేనూ కాదనను. సోమరితనంలో కూడా కొంత పని జరుగుతుందని ఆమెకు చెప్పే ధైర్యం నాకప్పట్లో లేదు.

ఆ కూత కూడా మొదటిసారి కలలోనే వచ్చింది. చర్చిలో నిలబడి ఉన్నాను, పాట ఎత్తుకోవాలి. ఎవరో నాకంటే ముందే శ్రుతి అందించారు, సన్నగా, ఎక్కడో పైన. అంత పైన ఎత్తుకుంటే ఆడవాళ్లెవరూ అందుకోలేరే అని కంగారుపడి లేచాను. లేచినా ఆ శ్రుతి పోలేదు. షాపు ముందు పాతకాలపు పెద్ద మోటారుసైకిలు ఒకటి ఆగి ఉంది, ఇంజను తిరుగుతోంది. దాని డబడబల చాటున ఆ కూత సన్నటి దారంలా సాగుతూనే ఉంది.

నా చెవి గురించి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఇరవై ఏళ్లకు పైగా మా చర్చిలో ఆడవాళ్ల వైపు పాట ఎత్తుకునేది నేనే. హార్మోనియం వాయించే మనిషి రాని ఆదివారం కూడా శ్రుతి తప్పదు. గొప్పకు చెప్పడం లేదు. చదువు అబ్బలేదు, కూరలో ఉప్పు ఎక్కువేస్తాను, కోపం ముక్కు మీద ఉంటుంది. చెవి ఒక్కటి మాత్రం దేవుడు తీరిగ్గా కూర్చుని చేశాడు.

బండి తెచ్చినాయన చిట్టమూరు వైపు రొయ్యల చెరువులు చేసుకునే మనిషి. నేను తలుపు వెనక నిలబడి విన్నాను.

"అన్నా, నాలుగు కిలోమీటర్లు పోయేతలికి కుయ్యిమని మొదులుపెడతాండాది. పదిరోజులుగా ఇదే తంతు."

మా ఆయన బండెక్కి మలుపు దాకా పోయి తిరిగొచ్చాడు. వచ్చేటప్పుడూ ఆ కూత ఉంది. ఇంజను ఆపేదాకా ఉంది.

"ఏ కూతా లేదబ్బయా," అన్నాడు దిగుతూ. "నీ చెరువుల కాడ నీళ్లకు గాలి కొట్టే ఏరియేటర్లు రేయింబగలు తిరగతాండాయి గదా, ఆ కూత నీ చెవుల్లో పడిండాది. ఒక తూరి డాక్టరుకు చూపించుకో."

పక్క బంకు దగ్గర టీ తాగడానికి ఆగినవాళ్లు నవ్వారు. రొయ్యలాయన కూడా నవ్వి వెళ్లిపోయాడు. నాకు అర్థం కాలేదు. ఇంత స్పష్టంగా ఉన్నదాన్ని లేదంటున్నాడంటే ఇందులో ఏదో మెకానిక్కుల మర్మం ఉందేమో అనుకుని మళ్లీ పడుకున్నాను.

పది రోజులకు ఆ బండి మళ్లీ వచ్చింది. మా ఆయన విసుక్కుంటూనే ఇంజను ఎడమ పక్క మూతలో నూనె మార్చాడు. ఆ తర్వాత వారం, శనివారం నాడు, మూడోసారి వచ్చింది. ఈసారి రొయ్యలాయన నవ్వలేదు. "సోమవారం వస్తానన్నా, ఏందో ఒకటి తేల్చు," అని బండి వదిలేసి బస్సెక్కాడు. ఆయన పోయాక మా ఆయన బండి స్టార్ట్ చేసి చాలాసేపు వంగి విన్నాడు. పెద్ద స్క్రూడ్రైవరు కొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి ఆనించి విన్నాడు. ఇంజను వేడెక్కేసరికి కూత మొదలైంది, లోపల బియ్యం ఏరుతున్న నాకు పళ్లు జివ్వుమన్నాయి. ఆయన మాత్రం తల అడ్డంగా ఊపి, స్క్రూడ్రైవరు పక్కన పెట్టేశాడు.

అప్పుడు నాకు థర్మామీటరు గుర్తొచ్చింది. కిందటి వానాకాలం ఆయనకు జ్వరం వస్తే నోట్లో థర్మామీటరు పెట్టాను. అది పీపీమని కూసి ఊరుకుంది. ఆయన ఇంకా నోరు బిగించుకునే ఉన్నాడు. "కూసిందిగా, తియ్యి," అంటే, "యాడ కూసింది?" అన్నాడు. వేళాకోళమనుకుని నేను కూడా నవ్వాను. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నీతో," అని కూడా అన్నాను. ఆ సామెత అప్పటిదాకా ఎన్నిసార్లు వాడానో లెక్క లేదు. ఆ శనివారం తర్వాత మళ్లీ నా నోటికి రాలేదు.

మా ఆయనకు చెవి అంటే ఏమిటో తెలిస్తేనే నా భయం అర్థమవుతుంది. ఈ చుట్టుపక్కల ఆయనకున్న పేరంతా చెవితో వచ్చిందే. బండి రోడ్డు మీద పోతుంటే షాపులో కూర్చుని, ఫలానా బేరింగు పోతోందని చెప్పేవాడు. పని నేర్పిన గురువు కొడవలూరులో హైవే పక్కన షాపు నడిపిన పెద్దాయన. ఒకరోజు ఆ పెద్దాయన ఏదో చప్పుడు పోల్చుకోవడంలో పొరబడ్డాడట. ఆ సాయంత్రమే స్పానర్లన్నీ శిష్యుడి చేతిలో పెట్టి, మర్నాటి నుంచి వరి మడికి నీళ్లు కట్టుకుంటూ బతికాడట. ఈ కథను మా ఆయన బైబిలు వాక్యం చెప్పినంత భక్తిగా చెబుతాడు. చివర్లో, "నేనైనా అంతే. చెవి పోయిన దినం షట్టరు దించేస్తా," అంటాడు. వందసార్లు విని వందసార్లు నవ్వాం. ఆ మనిషి అన్నంత పనీ చేసే రకమని నాకు తెలుసు. షాపు లేకపోతే మాకు గడవదని కాదు. స్పానరు పట్టుకోని మా ఆయన ఎలా ఉంటాడో నేను ఊహించలేకపోయాను, ఊహించబుద్ధి కాలేదు.

అందుకే ఆ రాత్రి కూత సంగతి ఎత్తలేదు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుని, పై స్థాయికి పోయినప్పుడల్లా మగవాళ్ల వైపు చూశాను. ఆయన కళ్లు మూసుకుని తలాడిస్తున్నాడు. ఎప్పుడూ అలాగే వింటాడు. నా పాటలో ఆయనకు చేరుతున్నదెంత, చేరకుండా పోతున్నదెంత అని ఆలోచన వచ్చింది. రెండో చరణం పక్కామె అందుకోవాల్సి వచ్చింది.

అన్నాలయ్యాక ఇక ఆగలేకపోయాను.

"ఏందయ్యా, ఆ రొయ్యలాయన బండి కూస్తాంది."

"నీకెవురు చెప్పినారు?"

"ఎవురో చెప్పేదేంది? మొదులొచ్చిన దినం నుంచి నాకు వినపడతాండాది."

"పట్టపగలు కలలు కనేదానివి. కల్లో వినింటావు."

"కల్లో కాదు. జ్వరమొచ్చినప్పుడు ఆ థర్మామీటరు కూసింది, నీకు వినపళ్లా. ఇదీ అట్టాంటిదే."

ఆయన తింటున్న అరటిపండు చేతిలోనే ఉండిపోయింది. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది, నేనూ తిరిగి తిట్టేదాన్ని. పండు పళ్లెంలో పెట్టి అడిగాడు.

"ఎట్టుంటది అది?"

నోరు మూసుకుని ఆ శ్రుతి పట్టాను. నా గొంతు పోగలిగినంత పైకి. ఆయన నా చెవుల దుద్దుల వైపు, నా గొంతు వైపు చూస్తున్నాడు. మొహంలో ఏమీ లేదు. ఒక స్థాయి కిందికి దిగి అదే స్వరం మళ్లీ పట్టాను. ఆయన కనుబొమ్మలు పైకి లేచాయి.

"ఆఁ," అన్నాడు. "ఇప్పుడు వినపడతాండాది. పా, పోదాం."

"ఈరోజు ఆదివారం," అన్నాను. మా ఇంట్లో ఆదివారం స్పానరు ముట్టుకోరు. ఎంతటివాడు బండి తోసుకుంటూ వచ్చినా సరే.

"స్పానరు యాడ పట్టుకుంటాండా? వినేదానికి దేవుడేమీ అనుకోడు."

అలా బయల్దేరాం. నేను తెల్లచీర కూడా మార్చుకోలేదు. కోట దాటాక రోడ్డు మీద మనుషులు తగ్గిపోయారు. అటూ ఇటూ చెరువులు, వాటి మధ్య నీళ్లు చిమ్ముతూ ఏరియేటర్లు, దూరాన సరుగుడు తోటలు. మూడు గంటల ఎండలో అన్నీ కొంచెం కదులుతున్నట్టుగా, నీళ్లలో నుంచి చూస్తున్నట్టుగా ఉన్నాయి. నేను గడ్డం ఆయన భుజం మీద ఆనించి, చెవి దగ్గర నోరు పెట్టి కూర్చున్నాను. ఎదురొచ్చిన సైకిలాయన మమ్మల్ని చూసి బ్రేకు వేశాడు. యాభై దాటినామె మొగుడి చెవిలో కూనిరాగం తీస్తూ పోతుంటే చూడక ఏం చేస్తాడు?

మొదట నేను పాడకుండా కూర్చున్నాను, కూత లేదు కాబట్టి. "మొదులైందా?" అని ఆయన, "ఇంకా లేదు" అని నేను. నాలుగో కిలోమీటరు దగ్గర అది వచ్చింది. నేను ఒక స్థాయి కిందికి దించి పాడాను. బండి వేగం పెంచితే నా గొంతు పైకి పోయింది, తగ్గిస్తే దిగింది. ఆయన ఇంజను ఆపేసి బండిని ఊరికే దొర్లనిచ్చాడు. కూత ఆగింది, నేనూ ఆగాను.

"అయితే చక్రంది కాదు, వెనక చైనుదీ కాదు," అన్నాడు.

చెరువు గట్టు పక్కన బండి నిలబెట్టి, గేరు లేకుండా ఇంజను లేపాడు. నేను పాడాను. క్లచ్చు నొక్కి పట్టుకున్నాడు. కూత అలాగే ఉంది, నా పాటా అలాగే ఉంది.

"క్లచ్చు పట్టినా ఉండాదా?"

తలూపాను, పాడుతూనే.

"అంటే గేరుబాక్సు కాదు. దానికి ముందుది." ఆయన గొంతులో నాకు తెలిసిన ఆ పదును తిరిగొచ్చింది. "ఒకే తీరుగా ఉండాదా, ఎచ్చుతగ్గులు ఉండాయా? సరిగ్గా పాడు."

జాగ్రత్తగా విన్నాను. ఎచ్చుతగ్గులున్నాయి. ఊయల ఊగినట్టు పెరుగుతోంది, తగ్గుతోంది, మళ్లీ పెరుగుతోంది. అలాగే పాడాను. ఏరియేటర్ల చప్పుడు, గాలి, ఆ బండి, నా గొంతు అన్నీ కలిసిపోయి కాసేపు నేనెక్కడున్నానో నాకే తెలియలేదు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన నన్ను అంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు. చెప్పడానికి సిగ్గేమీ లేదు, నాకు చాలా సంతోషంగా ఉంది.

ఇంజను ఆగిపోయింది. ఆయన గట్టు మీద కూర్చున్నాడు.

"ప్రైమరీ చైను," అన్నాడు. "మితిమించిన బిగువు. చల్లగా ఉన్నంతసేపు ఊరుకుంటది. వేడెక్కి బిగుసుకునేకొద్దీ కూస్తాది."

ఇంజను తిరుగుడును క్లచ్చుకు అందించే పొట్టి చైను అది. ఎడమ పక్క మూత లోపల నూనెలో తిరుగుతుంటుంది. ఇన్నేళ్లు షాపు వెనక బతికాను కాబట్టి అంతవరకు నాకు తెలుసు.

"అయితే వదులు చేస్తే సరిపోతాది గదా. ఎవురు బిగించినారంట అట్ట?"

ఆయన గట్టు మీద గడ్డి పీకుతున్నాడు.

"నెలనాడు క్లచ్చు ప్లేట్లు మార్చినా. అప్పుడు నేనే బిగించినా."

మిగతా మెకానిక్కులు ఆ చైనును వేలితో నొక్కి, ఎంత వదులుందో చూసుకుని బిగిస్తారు. మా ఆయన గురువు నేర్పిన పద్ధతి వేరు. మూత విప్పి, ఇంజను మెల్లగా తిరుగుతుండగా బోల్టు బిగిస్తూ పోవాలి. చైను సన్నగా కూత ఎత్తుకున్న క్షణాన ఆపి, అర చుట్టు వెనక్కి తిప్పాలి. "వేలు అబద్ధం చెప్తాది, చెవి చెప్పదు," అని పెద్దాయన అనేవాడట. కూత ఎత్తుకున్న సంగతి చెవికి అందకపోతే చెయ్యి బిగిస్తూనే పోతుంది. బోల్టు బరువెక్కాక ఆపి, అర చుట్టు వెనక్కి తిప్పి, అంతా సరిగ్గా ఉందనుకుంటుంది.

ఇదంతా ఆయన చెప్పలేదు. గట్టు మీద కూర్చున్న ఆయన్ను చూస్తూ నేనే ఒక్కొక్కటిగా అనుకున్నాను. "ఈ బండి ఒకటే కాదు మే," అని మాత్రం అన్నాడు. ఇంటికొచ్చేదాకా నేను మళ్లీ పాడలేదు.

ఆ సాయంత్రం ఆయన బండి పక్కనే స్టూలేసుకుని కూర్చున్నాడు. స్పానరు ముట్టుకోలేదు. సోమవారం తెల్లవారగానే ప్రార్థన చేసుకుని మూత విప్పాడు. చైను మీద వేలు పెట్టి నొక్కాడు. మెకానిక్కయ్యాక ఆయన వేలితో చూడటం నేనెరగను. చక్రం కొంచెం తిప్పి ఒకచోట, ఇంకొంచెం తిప్పి ఇంకోచోట నొక్కి, బాగా బిగువుగా ఉన్న చోటు వెతికి, అక్కడ వేలికి కాస్త ఆట దొరికేదాకా బోల్టు వదులు చేశాడు. మూత వేసి, నూనె పోసి, "ఎక్కు," అన్నాడు.

మళ్లీ అదే రోడ్డు. నాలుగో కిలోమీటరు వచ్చింది, ఐదు వచ్చింది, ఎనిమిది దాటింది. నా గడ్డం ఆయన భుజం మీదే ఉంది. ఆయన ప్రతి నిమిషానికీ తల తిప్పి నా నోరు చూస్తున్నాడు. నేను నోరు మూసుకునే ఉన్నాను. సరుగుడు తోటల దగ్గర బండి ఆపి కళ్లు తుడుచుకున్నాడు, గాలికి నీళ్లు కారుతున్నాయన్నాడు. నేను సరేనన్నాను.

తిరిగొచ్చేటప్పుడు దారంతా ఆయనకు నూరిపోశాను. "క్లచ్చు లోపల ఏదో అరిగిండె, మార్చినానని చెప్పు. రొయ్యలోళ్లకు మూత లోపలి సంగతులు ఏం తెలుస్తాయి? నీకు వినపడదనే మాట నాకూ నీకే తెలిసుండాల." పాట ఎత్తుకునే నోటితోనే ఈ అబద్ధం కూడా అల్లాను. తప్పని తెలుసు. షట్టరు తెరిచి ఉండటం నాకు అంతకంటే ముఖ్యం.

పదిన్నరకు రొయ్యలాయన వచ్చాడు. బండేసుకుని ఒక చుట్టు తిరిగొచ్చి, మొహం విప్పార్చుకుని దిగాడు.

"పోయిందన్నా! ఏంది లోపం?"

నేను తలుపు సందుకు దగ్గరగా జరిగాను.

"లోపం నాది," అన్నాడు మా ఆయన. "నెలనాడు చైను నేనే ఎక్కువ బిగించినా. అది కూస్తాంటే నాకు వినపళ్లా. సన్నటి కూతలు నాకు ఇప్పుడు వినపడ్డం లేదు."



"నా చెవుల్లో ఏరియేటర్లు పడినాయంటివే అన్నా," అన్నాడు రొయ్యలాయన. "నువ్వు చెప్పినావు గదా అని నెల్లూరు పోయి చెవులు చూపించుకున్నా. రోజంతా ఆడనే పోయింది. చెవులు బ్రహ్మాండంగా ఉండాయి అన్నాడు ఆ డాక్టరు. నాకేమో పిచ్చి పట్టిందేమోనని మా ఇంటామె ఏడ్చింది."

మా ఆయన రెండు చేతులూ జోడించాడు. తప్పయిందని అన్నాడు. తనకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడికి. బయటికి పోయి ఆ చేతులు విడదీయాలనిపించింది. రొయ్యలాయన బండెక్కి పోయాడు. టీ తాగేవాళ్లు కూడా గ్లాసులు పెట్టేసి లేచారు.

షట్టరు దిగుతున్న చప్పుడు వినపడింది. పట్టపగలు పదకొండు గంటలకు. కొడవలూరు పెద్దాయన కథ చివరికి మా ఇంటి దాకా వచ్చింది అనుకున్నాను. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. గరిటె చేతిలో పట్టుకుని, నా పెద్ద నోటి వల్లే ఇదంతా అని నన్ను నేను తిట్టుకున్నాను. నాకు వినపడింది నాలోనే దాచుకుని ఉంటే, ఇంకో సంవత్సరమో రెండేళ్లో ఆయన అలాగే గడిపేసేవాడు. ఏదో ఒక బండి మీద ఎవరో ఒకరు కూత భరించుకుంటూ తిరిగేవాళ్లు. నాకేం పోయింది?

ఆయన వంటింట్లోకి వచ్చాడు. చేతులు కడుక్కోలేదు. ఒక చేతిలో స్పానర్ల సంచీ ఉంది. గోడకు ఆనుకుని, రెండో చేతి వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు.

"నాకు గుర్తుండేటివి ఇంకా పదకొండు బండ్లుండాయి మే," అన్నాడు. "ఒక్కొక్కరింటికీ పోయి చెప్పి, చైను వదులు చేసి రావాల. పప్పు దించి రా. నువ్వు లేకుంటే నాకు తెలవదు."